ఫోటో ఒక్కటే చాలదు: విశాఖలో ఫోనుతో వన్యప్రాణులను గుర్తించడం, నమోదు చేయడం ఎలా

రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది. మసకగా, నేల మీద ఏదో పొడుగ్గా పడి ఉంటుంది. కింద ఒకటే వాక్యం: "అన్నయ్యగారూ, ఇది ఏ పాము?" ఎక్కడ కనిపించిందమ్మా అని అడుగుతాను. పక్కింటావిడకు వాళ్ల మరిది పంపాడట. ఆ మరిదికి ఎవరో పంపారట. ఎప్పటిదో తెలియదు, ఏ ఊరిదో తెలియదు. అది పామే కావచ్చు, ఎండిన కొబ్బరి ఈనె కావచ్చు, దానితో నేను చేయగలిగింది ఏమీ లేదు.

చెట్లూ పిట్టలూ కాస్త తెలిసినవాడినని మా ఎంవీపీ కాలనీలో పేరు పడ్డాక ఇలాంటివి వారానికి నాలుగైనా వస్తాయి. అందరూ అడిగేది పేరే. పేరు తరువాతైనా దొరుకుతుంది. పదేళ్లు పోయాక, మనకు ముఖపరిచయం లేని ఎవరో ఆ ఫోటో చూసి చెప్పవచ్చు. తేదీ, చోటు మాత్రం ఆ పూట దాటితే మళ్లీ దొరకవు.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది హుద్‌హుద్ తరువాత. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మా వీధిలో నీడనిచ్చిన చెట్లు ఒక్క రోజులో నేలకూలాయి. ఆ చలికాలమంతా అందరి నోటా ఒకటే మాట: "ఇదివరకు ఇక్కడ ఎన్ని పిట్టలుండేవో!" ఎన్ని? ఏవేవి? నాతో సహా ఎవరి దగ్గరా ఒక కాగితం ముక్క లేదు. ఇప్పుడు ఆ కాగితం పని జేబులో ఉన్న ఫోను చేస్తుంది. ఎలాగో వరుసగా చెబుతాను.

ఏ యాప్ దేనికి

మూడు యాప్‌లు చాలు. మూడూ ఉచితం.

మొదటిది ఐనాచురలిస్ట్. చీమ, చెట్టు, నాచు, నక్క, ఏదైనా ఇందులో నమోదు చేయవచ్చు. 2008లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు చదువులో భాగంగా మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా నడుస్తోంది. రెండోది ఈబర్డ్. ఇది పక్షులకు మాత్రమే. 2002 నుంచి ఉంది. 2021 నాటికి ఇందులో చేరిన పక్షి నమోదులు వంద కోట్లు దాటాయి. మూడోది మెర్లిన్. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల ఈబర్డ్‌తో పాటు దీన్నీ నడుపుతోంది. కూత వినిపించినా, ఫోటో చూపించినా పక్షి పేరు సూచిస్తుంది.

పిల్లలుంటే సీక్ అనే మరో యాప్ ఇవ్వండి. ఖాతా తెరవనక్కర్లేదు, కెమెరా ఆకు మీద పెడితే పేరు చెబుతుంది. గూగుల్ లెన్స్ సంగతి చాలామంది అడుగుతారు. అది ఏదో ఒక పేరు చెప్పి ఊరుకుంటుంది. ఆ పేరును సరిచూసే మనిషి లేడు, అది ఏ లెక్కలోనూ చేరదు. అందుకే నేను వాడను.

మూడూ ఒకే రోజు మొదలుపెట్టకండి. మొదటి నెల ఐనాచురలిస్ట్ ఒక్కటే వాడండి. చేయి తిరిగాక మిగతా రెండూ వాటంతట అవే కావాలనిపిస్తాయి.

బయలుదేరే ముందు ఫోనులో చేయవలసినవి

కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి లొకేషన్ నమోదు చేసే మీటను ఆన్ చేయండి. దీనితో ప్రతి ఫోటో లోపల తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. ఫోటోలను, వాటి లొకేషన్‌ను చదివే అనుమతి యాప్‌కు కూడా ఇవ్వాలి. ఫోనులో తేదీ, సమయం తమంతట తాము సరిపడేలా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఫోనులో చోటు చాలడం లేదని మొదటి ఏడాది తీసిన ఫోటోలన్నీ మా అబ్బాయికి వాట్సాప్‌లో పంపి, నా ఫోనులోంచి తుడిచేశాను. తీరా నమోదు చేద్దామని వాడి దగ్గర తిరిగి తీసుకుంటే ఒక్కదానిలోనూ చోటు లేదు, తీసిన తేదీ లేదు. వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది, ఆ కుదింపులో లోపలి సమాచారం రాలిపోతుంది. అలా పంపక తప్పదనుకుంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. అసలు ప్రతి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

కంబాలకొండ అడవి లోపల, యారాడ వైపు కొండ మలుపుల్లో సిగ్నల్ అందని చోట్లుంటాయి. భయపడనక్కర్లేదు. జీపీఎస్‌కు మొబైల్ నెట్‌వర్క్‌తో పని లేదు, అది ఉపగ్రహాల నుంచి నేరుగా సంకేతం అందుకుంటుంది. నమోదు ఫోనులోనే ఉంచుకుని, ఇంటికొచ్చి వైఫైలో పంపవచ్చు. మెర్లిన్‌కు మాత్రం మన దేశపు పక్షుల ప్యాక్‌ను ఇంట్లోనే దించుకోండి. ఒకసారి దించితే అడవిలో ఇంటర్నెట్ లేకపోయినా పని చేస్తుంది.

పవర్ బ్యాంకు సరేసరి. సముద్రం ఒడ్డుకు వెళ్తుంటే ఫోనుకు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి, లెన్సు తుడవడానికి మెత్తటి గుడ్డ మరవకండి. ఉప్పుగాలి పొర పట్టిన లెన్సుతో తీస్తే విశాఖ అంతా మంచులో ఉన్నట్టు కనిపిస్తుంది.

మొదటి నమోదు మీ కరివేపాకు కుండీ దగ్గరే

తొలిరోజే అడవికి పరుగెత్తకండి. కరివేపాకు మొక్క దగ్గర కూర్చోండి. దాని మీద పిట్ట రెట్టలా నలుపూ తెలుపూ మచ్చలతో చిన్న గొంగళిపురుగు ఉండవచ్చు. కాస్త పెరిగినదైతే ఆకుపచ్చగా ఉంటుంది. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద గుడ్లు పెట్టే కామన్ మార్మన్ సీతాకోకచిలుక పిల్ల అయ్యే అవకాశం ఎక్కువ. ఆకులు తినేస్తోందని తిట్టుకునే ముందు దాన్ని నమోదు చేయండి.

యాప్ తెరిచి కూడిక గుర్తు నొక్కండి. అప్పటికప్పుడు ఫోటో తీయవచ్చు, ముందు తీసినది గ్యాలరీ నుంచి ఎంచుకోవచ్చు. నేనైతే ఫోను కెమెరాతోనే నాలుగైదు తీసుకుని, తీరిగ్గా ఎంచుకుంటాను. ఒకే ప్రాణి ఫోటోలు ఎన్ని ఉన్నా ఒకే నమోదులో పెట్టాలి. పురుగు ఒక నమోదు, దాని పక్కనున్న సాలీడు ఇంకో నమోదు. రెండింటినీ ఒకదానిలో కలిపితే చూసేవారికి మీరు దేని గురించి అడుగుతున్నారో అర్థం కాదు.

పేరు గడిని నొక్కితే యాప్ కొన్ని పేర్లు సూచిస్తుంది. నచ్చినది ఎంచుకోవచ్చు. తెలియకపోతే 'సీతాకోకచిలుకలు' అనో 'కీటకాలు' అనో పెద్ద వర్గం పేరు ఇచ్చి వదిలేయవచ్చు. తరువాత తేదీ, చోటు సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. పటం మీద చోటు చుట్టూ ఒక వృత్తం ఉంటుంది, అది ఎంత చిన్నదైతే అంత కచ్చితం. భవనాల మధ్య ఆ వృత్తం అర కిలోమీటరుకు ఉబ్బిపోతే, వేలితో సరిచేయండి.

ఇంకొక గడి ఉంది, చాలామంది వదిలేస్తారు: పెంపకమా, సహజమా అన్నది. మీరు నాటిన కరివేపాకు మొక్కను నమోదు చేస్తే 'పెంపకం' అని గుర్తు పెట్టాలి. దాని మీదికి ఎగిరివచ్చి గుడ్డు పెట్టిన సీతాకోకచిలుకను ఎవరూ పెంచలేదు, అది సహజం. జూపార్కులోనూ ఇదే లెక్క. ఎన్‌క్లోజరులో ఉన్న పులి పెంపకం కిందికి వస్తుంది. దాని నీటి గుంట పక్కన వాలి, టికెట్టు లేకుండా తిరిగే తెల్లకొంగ మాత్రం సహజం.

ఫోటో అందంగా కాదు, ఆధారంగా ఉండాలి

ముందు ఉన్నచోటి నుంచే ఒకటి తీయండి. ఎగిరిపోయినా ఆ ఒక్కటి మిగులుతుంది. తరువాత రెండు అడుగులు దగ్గరికి వెళ్లి ఇంకొకటి. రెండు వేళ్లతో మరీ లాగి జూమ్ చేస్తే ఈకలకు బదులు చుక్కలు కనిపిస్తాయి. మామూలుగా తీసి తరువాత కత్తిరించడం మేలు. బైనాక్యులర్ ఉంటే దాని ఒక కంటికి ఫోను లెన్సు ఆనించి తీయవచ్చు. నాలుగు రోజులు చేయి వణుకుతుంది, అయిదో రోజుకు కుదురుతుంది.

ఏ ప్రాణికి ఏ భాగం కావాలో తెలియడమే అసలు విద్య. సీతాకోకచిలుకలకు రెక్కల పైభాగం, అడుగుభాగం, ఒళ్లు మూడూ కావాలి. ఒళ్లు ఎందుకంటే, ఇందాకటి కామన్ మార్మన్ ఆడవాటిలో ఒక రకం కామన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుక వేషం కడుతుంది. కామన్ రోజ్ పిల్లదశలో ఈశ్వరి తీగ జాతి ఆకులు తిని ఒంట్లో విషం నింపుకుంటుంది. పక్షులు దాన్ని ముట్టవు. విషం లేని మార్మన్ ఆ రెక్కల ముద్రలనే అచ్చుగుద్దినట్టు తెచ్చుకుని బతికిపోతుంది. రెక్కలు మాత్రమే తీస్తే పక్షులే కాదు, యాప్ కూడా మోసపోవచ్చు. ఒళ్లు చూడండి: ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే వేషధారి. నేను మొదట్లో కామన్ రోజ్ అని నమోదు చేసినవాటిలో సగం మార్మన్‌లే అని తరువాత తేలింది.

తూనీగను పక్కనుంచి, పైనుంచి తీయండి. సాలీడుకు వీపు ముద్రలే కాక ముఖం కూడా కావాలి, కళ్ల అమరికను బట్టి కుటుంబం తెలుస్తుంది. చెట్టు అయితే పువ్వు ఒక్కటే తీసి తృప్తిపడకండి. ఆకు రెండు వైపులా, కాయ, బెరడు, నిలువెత్తు చెట్టు కావాలి. చిన్నవాటి పక్కన కొలతకు ఒక రూపాయి బిళ్ల పెట్టవచ్చు. నత్త పక్కన పెట్టండి, తేలు పక్కన వద్దు.

పక్షుల్లో ఆడా మగా తేడా కొత్తవారిని తికమకపెడుతుంది. మగ కోకిల నిగనిగలాడే నలుపు, ఎర్రటి కన్ను. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది. ఆ ఆడకోకిల ఫోటో చూపించి "ఏదో గద్ద పిల్ల" అన్నవారు నాకు ఇద్దరు ముగ్గురు తగిలారు. మెర్లిన్‌లో ఆ పక్షి పేజీ తెరిస్తే ఆడా, మగా, పిల్లా అన్నిటి ఫోటోలూ ఉంటాయి. చెప్పడం కంటే చూపించడం తేలిక.

యాప్ చెప్పిన పేరును ఎంత నమ్మాలి

యాప్ చూసేది పోలికను, ఆ చుట్టుపక్కల ఇదివరకు ఎవరైనా ఆ ప్రాణిని నమోదు చేశారా అన్నదాన్ని. కాబట్టి సూచించిన పేరు పక్కన 'సమీపంలో కనిపించేదే' అన్న అర్థం వచ్చే గుర్తు ఉందో లేదో చూడండి. అది లేకుండా ఏ బ్రెజిల్ కప్పనో చూపిస్తే ఎంత బాగా పోలినా పక్కన పెట్టండి. తెలుగు పేర్ల కోసం పట్టుబట్టకండి. జెముడుకాకి, పిగిలిపిట్ట, లకుముకి లాంటివి మనకు తెలుసు కానీ, ఒకే పేరు ఊరికో పక్షికి వాడతారు. లకుముకి అంటే మూడు నాలుగు రకాలున్నాయి. యాప్‌లో శాస్త్రీయ నామం పడనివ్వండి, మీ ఊరి పేరు కింద వివరణ గడిలో తెలుగులోనే రాయండి. అలా రాసిన స్థానిక పేర్లు పోకుండా ఉండటం నాకు పెద్ద లాభంగా తోస్తుంది.

పంపిన తరువాత మీ నమోదు 'నీడ్స్ ఐడీ' అన్న దశలో ఉంటుంది. ఎక్కడెక్కడి వారో చూసి అవునంటారు, కాదంటారు. గుర్తించినవారిలో మూడింట రెండొంతులకు పైగా ఒకే జాతి పేరు మీద కలిస్తే అది 'రీసెర్చ్ గ్రేడ్' అవుతుంది. అందుకు ఫోటో లేదా శబ్దం, తేదీ, చోటు తప్పనిసరి. పెంపకం కాకూడదు. ఆ స్థాయికి చేరినవి, ఉచితంగా వాడుకోవడానికి మీరు అనుమతి ఇచ్చి ఉంటే, కోపెన్‌హాగెన్ కేంద్రంగా నడిచే జీబీఐఎఫ్ అనే ప్రపంచ జీవవైవిధ్య సమాచార నిధిలోకి వెళ్తాయి. పరిశోధకులు అక్కడి నుంచి తీసుకుంటారు.

ఎవరో ముక్కూమొహం తెలియనివారు మీ పేరు తప్పని రాస్తే నొచ్చుకోకండి. ఏ గుర్తుతో చెప్పారు అని మర్యాదగా అడగండి. చాలామంది ఓపికగా చెబుతారు. ఒకటే వద్దు: పెద్దాయన చెప్పాడు కదా అని మీకు అర్థం కాకుండానే 'అవును' నొక్కడం. మీ 'అవును'కు కూడా ఓటు విలువ ఉంది.

కళ్లకు అందనివి చెవితో

చెట్లు దట్టంగా ఉన్నచోట పక్షి కనిపించేది తక్కువ, వినిపించేది ఎక్కువ. మెర్లిన్‌లో 'సౌండ్ ఐడీ' నొక్కి, ఫోను చేతిలో కదలకుండా పట్టుకోండి. కూత వినగానే పేరు తెర మీదికి వస్తుంది, అదే పక్షి మళ్లీ కూస్తే ఆ పేరు వెలుగుతుంది. ఉదయం ఆరు గంటలకు కైలాసగిరి మెట్ల దారిలో అయిదు నిమిషాలు ఇలా పెట్టి చూడండి. కొత్తవారు నివ్వెరపోతారు.

నివ్వెరపోయాక అనుమానించడం కూడా నేర్చుకోవాలి. మోటారు సైకిలు హారన్‌కు, ఉడుత కిచకిచకు కూడా ఒక్కోసారి ఏదో పక్షి పేరు వస్తుంది. తోక చీలిన నల్లపిట్ట ఏట్రింత (డ్రాంగో) తక్కువది కాదు, డేగ కూతను అనుకరించి మిగతా పిట్టలను హడలగొడుతుంది. అప్పుడు ఫోను డేగ అంటుంది, చెట్టు మీద ఉన్నది ఏట్రింత. తెర మీద పేరు వచ్చినంత మాత్రాన జాబితాలో ఎక్కించకండి. ఆ పేరు పట్టుకుని పక్షి కోసం వెతకండి, కనిపిస్తే ఎక్కించండి. కనిపించకపోయినా ఆ కూత మీ చెవికి బాగా తెలిసినదైతే సరే.

యాప్‌లో ఉన్న కూతలను పెద్దగా వినిపించి పక్షిని రప్పించే పని చేయకండి. గూడు కట్టే కాలంలో అది తన జాగాలోకి శత్రువు వచ్చాడనుకుని, గుడ్లు వదిలి పోట్లాటకు వస్తుంది.

కాకిని కూడా లెక్కపెట్టండి

ఈబర్డ్‌లో నమోదు చేసేది ఒక్కో పక్షిని కాదు, ఒక నడకను. నడక మొదలుపెట్టగానే 'జాబితా ప్రారంభం' నొక్కితే, సమయం, దూరం అదే లెక్కపెడుతుంది. కనీసం పదిహేను నిమిషాలు పెట్టుకోండి. కనిపించిన ప్రతి జాతికీ ఎన్ని ఉన్నాయో అంకె వేయండి. గుంపుగా ఎగిరితే పదింటిని లెక్కపెట్టి, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో అంచనా వేయవచ్చు.

చివర ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తించగలిగిన పక్షులన్నిటినీ రాశారా? ఇదే ఈబర్డ్ ప్రాణం. కాకులూ పావురాలూ ఎందుకులే అని వదిలేసి ఉంటే 'లేదు' అనాలి. అన్నీ రాసి 'అవును' అన్న జాబితాకు ఒక అదనపు శక్తి ఉంది. అందులో పిచ్చుక లేదంటే, ఆ పూట మీకు పిచ్చుక కనిపించలేదని అర్థం. ఒక చోట ఏవి ఉన్నాయో చెప్పే ఫోటోలు కోట్లు ఉన్నాయి. ఏవి లేకుండా పోతున్నాయో చెప్పగలిగేవి ఇలాంటి పూర్తి జాబితాలే. హుద్‌హుద్‌కు ముందు మా వీధి నుంచి నెలకు ఒక్కటి ఉన్నా, "ఎన్ని పిట్టలుండేవో" అన్న మాటకు జవాబు దొరికేది.

అందుకే ఒకే చోటికి పదేపదే వెళ్లమంటాను. ముడసర్లోవ జలాశయం గట్టు కావచ్చు, మేఘాద్రిగెడ్డ కావచ్చు, మీ డాబా కావచ్చు. శీతాకాలంలో ఒక ఆదివారం అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవకు వెళ్లి వలస పక్షులను చూడండి, తప్పులేదు. కానీ ఏడాదికోసారి వెళ్లిన కొండకర్ల కంటే, వారం వారం రాసిన మీ డాబా జాబితా ఎక్కువ కథ చెబుతుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' పేరుతో ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. మొదలుపెట్టడానికి అది మంచి ముహూర్తం.

సముద్రం వెనక్కి తగ్గిన వేళ

విశాఖలో ఉండి అడవి కోసం వెతుక్కోవడం నాకు వింతగా ఉంటుంది. తెన్నేటి పార్కు కింద, రుషికొండ దగ్గర, మంగమారిపేటలో రాళ్ల మధ్య నీటి గుంటల్లోనే ఒక లోకం ఉంది. పోటు తగ్గి నీరు బాగా వెనక్కి వెళ్లినప్పుడు మాత్రమే అది తలుపు తెరుస్తుంది. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో నీరు ఎక్కువ దూరం తగ్గుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే ఆటుపోట్ల వేళలు ముందే చూసుకుని, నీరు అతి తక్కువగా ఉండే సమయానికి గంట ముందు చేరండి. నీరు తిరిగి పెరగడం మొదలవగానే వచ్చేయండి. పాచి పట్టిన రాళ్ల మీద కాలు జారడం ఖాయం కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి. ఒక్కరే వెళ్లకండి. ఒకరు ఫోటో తీస్తుంటే ఇంకొకరు అలను చూడాలి.

గుంట పక్కన కూర్చుని రెండు నిమిషాలు కదలకుండా ఉండండి. ముందు శంఖాల్లో కాపురముండే పీతలు నడుస్తాయి. తరువాత రాయి అనుకున్నది పువ్వులా విచ్చుకుంటుంది, అది సముద్రపు ఆనిమోన్. నీటి మీద ఆకాశం మెరుపు పడితే ఫోటోలో ఏమీ కనిపించదు. మీ నీడ గుంట మీద పడేలా కూర్చుంటే లోపల స్పష్టంగా కనిపిస్తుంది. ఏ రాయినైనా ఎత్తితే దాన్ని మళ్లీ అదే చోట, అదే వైపుకు పెట్టండి. కింద ఉన్నవాటికి అది ఇంటి కప్పు. శంకువు ఆకారంలో, చారలతో ఎంతో అందంగా ఉన్న గవ్వ కనిపిస్తే చేత్తో తీయకండి. అలాంటి నత్తల్లో కొన్నింటికి మనిషిని చంపగలిగే విషపు ముల్లు ఉంది.

ఒడ్డున నీలం బొత్తాంలాంటివి కొట్టుకువస్తే అవి జెల్లీ చేపల దూరపు బంధువులు. ఎండితే రంగు పోతుంది కాబట్టి తడిగా ఉండగానే తీయండి, ముట్టుకోకండి.

శీతాకాలం వచ్చిందంటే తాబేళ్ల మాట. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడిశాలో లక్షల్లో ఒడ్డెక్కితే, మన దగ్గర ఒకటీ అరా వచ్చి గుడ్లు పెట్టి వెళ్తాయి. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఎక్కడైనా కావచ్చు. అటవీ శాఖ వాటిని సేకరించి కంచె వేసిన ఇసుకలో పొదిగిస్తుంది. రాత్రి గుడ్లు పెట్టే తల్లి కనిపిస్తే ఫ్లాష్ వేయకండి, టార్చి వేయకండి, ఎదురుగా నిలబడకండి. బెదిరితే గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది. ఈ ఒక్క సందర్భంలో ఫోటో లేకపోయినా ఫరవాలేదు. తెల్లవారాక ఇసుకలో మిగిలిన దాని జాడను తీసి నమోదు చేయండి, అదీ ఆధారమే. గూడు ఉన్నచోటు అటవీ శాఖ వారికి చెప్పండి.

చచ్చి కొట్టుకువచ్చిన తాబేలును చూసి ముక్కు మూసుకుని వెళ్లిపోతాం. దాన్నీ నమోదు చేయండి. నిలువుగా మొత్తం శరీరం, తల, రెక్కల మీద లోహపు ట్యాగు ఉంటే దాని అంకె కనిపించేలా తీసి, వివరణలో 'మృతి' అని రాయండి. వలల్లో చిక్కి ఊపిరాడక ఎన్ని పోతున్నాయో, ఏ నెలలో ఎక్కువో చెప్పే లెక్కకు ఇవే ఆధారం.

చెప్పకూడని చోట్లు, తీయకూడని చోట్లు

అలుగు (పాంగోలిన్) కనిపించింది, నక్షత్ర తాబేలు కనిపించింది, గుడ్లగూబ గూడు దొరికింది. సంతోషంలో చోటుతో సహా లోకానికి చాటితే, వేటగాడికి మనమే దారి చూపినట్టు. ఐనాచురలిస్ట్‌లో 'జియోప్రైవసీ' అనే గడిలో 'అబ్‌స్క్యూర్డ్' ఎంచుకోండి. అప్పుడు ఇతరులకు కచ్చితమైన చుక్కకు బదులు, ఇరవై కిలోమీటర్లకు పైగా వెడల్పున్న గడిలో ఎక్కడో ఒక చోట చూపిస్తుంది. ఇంచుమించు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా అన్నమాట. ప్రమాదంలో ఉన్న జాతులు చాలావాటికి యాప్ తనంతట తానే ఈ పని చేస్తుంది, కానీ మన జాగ్రత్త మనది. వాట్సాప్ గుంపులో అదే ఫోటోను "ఫలానా గుడి వెనక" అని పెడితే ఆ ముసుగు దండగ.

విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. డాల్ఫిన్స్ నోస్ వైపు, యారాడ దారిలో, నౌకాశ్రయం చుట్టూ ఫోటోలు నిషిద్ధమన్న బోర్డులు ఉంటాయి. అక్కడ పెద్ద లెన్సు పట్టుకుని "గద్ద కోసం వచ్చాను" అంటే నమ్మేవారు ఉండరు, నమ్మకపోవడంలో వారి తప్పూ లేదు. అక్కడ పక్షిని కళ్లతో చూసి, లెక్కను ఈబర్డ్‌లో వేయండి. డ్రోన్ మాటే తలపెట్టకండి. కంబాలకొండ 2002 నుంచి అభయారణ్యం, దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. చిరుతలు తిరిగే అడవి. టికెట్టు తీసుకుని, అనుమతి ఉన్న దారిలో, అనుమతి ఉన్న వేళలోనే తిరగండి.

పాము దగ్గర యాప్ తీయకండి

తీయకండి అంటే, నిర్ణయం దాని చేతిలో పెట్టకండి అని. కట్లపామును పోలిన విషం లేని పాములున్నాయి. మసక ఫోటోలో యాప్ ఒకదాన్ని ఇంకొకటి అనవచ్చు, మనుషులే అంటున్నారు. దూరంగా ఉండి ఒక ఫోటో తీయగలిగితే తీయండి, తరువాత నమోదుకు పనికొస్తుంది. విషం లేదని తెర మీద చూసి చేత్తో పట్టుకోవడం మాత్రం వద్దు. కాటు పడితే ఫోటో కోసం, పాము కోసం ఒక్క నిమిషం ఆగకుండా 108కు ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి. పుట్టగొడుగులకూ ఇదే సూత్రం: యాప్ తినదగినదని చెప్పినా పొయ్యి మీద పెట్టకండి.

ఇంటికొచ్చాక

కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, ఆ రోజు ఫోటోలు ఆ రోజే ఎక్కించండి. వారం ఆగితే ఏ కొమ్మ మీద ఏమి చేస్తోందో మరిచిపోతారు. వివరణ గడిలో రెండు ముక్కలు రాయండి: మందార పువ్వులో తేనె తాగుతోంది, కాకి తరుముతోంది, వాన వెలిసిన వెంటనే. మసకగా వచ్చినవి పదింటిలో ఎనిమిది తీసేయండి, ఆ ప్రాణిని మళ్లీ చూసే అవకాశం లేదనిపిస్తే మసకదైనా ఉంచండి.

ఏడాదికోసారి మీ నమోదులన్నీ పట్టికగా దించుకుని దాచుకోండి. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ రెండింటి వెబ్‌సైట్లలోనూ ఆ వీలు ఉంది. ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది.

పక్కింటావిడ ఇప్పటికీ ఫోటోలు పంపుతున్నారు. మొన్నటిది మాత్రం డాక్యుమెంటుగా వచ్చింది. కింద ఇలా ఉంది: "ఈ ఉదయం 6.40, మా వెనక వైపు మునగచెట్టు, రెండు ఉన్నాయి, ఒకటి ఎగిరిపోయింది." పిట్ట పేరు ఇంకా తేలలేదు.